మబ్బు రోజుల తోటకూర

నేను ఆరేళ్ళపాటు ఆకులు కోసి పంచదార నీళ్ళలో వేశాను. విశాఖలో పరిశోధన చేసిన రోజుల్లో నా చదువంతా అదే. మా గైడు నాకిచ్చిన ప్రశ్న వినడానికి చిన్నది. ఆకులో చక్కెర ఉన్నప్పుడు, లేనప్పుడు అది నత్రజనిని ఎలా వాడుకుంటుంది? పొద్దున్నే ఆకుల్ని చిన్న చిన్న బిళ్ళలుగా కత్తిరించి, సగం ఉత్త నీళ్ళలో, సగం పంచదార నీళ్ళలో వేసి, రెండింటినీ వెలుతురు సోకని బీరువాలో పెట్టేదాన్ని. కొన్ని గంటల తర్వాత తీసి పరీక్ష చేస్తే, పంచదార నీళ్ళలో ఉన్న ఆకులు చక్కటి గులాబీ రంగు ఇచ్చేవి. ఉత్త నీళ్ళలోవి ఇచ్చీ ఇవ్వనట్టు ఉండేవి. రంగు ఎంత ముదిరితే ఆకు అంత బాగా పనిచేస్తున్నట్టు.

దాని వెనక ఉన్న సంగతి ఇది. నేలలోని నత్రజని ఎక్కువగా నైట్రేట్ అనే ఉప్పు రూపంలో వేరు గుండా పైకి వస్తుంది. దాన్ని మాంసకృత్తులుగా మార్చుకోవడం ఆకు పని. అందుకు ఒక ఎంజైము కావాలి. ఎండలో ఆకు తయారుచేసుకున్న చక్కెరే ఈ మార్పుకు కావలసిన బలమూ, ముడిసరుకూ. పైగా, తన దగ్గర చక్కెర ఉందని తెలిస్తేనే ఆకు ఆ ఎంజైమును తగినంత తయారుచేస్తుంది. చక్కెర తగ్గితే ఎంజైము పని మందగిస్తుంది. వేరు మాత్రం నైట్రేటును పంపడం వెంటనే మానదు. అలా వచ్చినది వచ్చినట్టే కాడలో, ఆకులో పేరుకుపోతుంది. అలాంటి మేత పశువులకు ప్రమాదమని నా థీసిస్ మొదటి అధ్యాయంలో ఒక్క వాక్యం రాశాను. ఎవరో రాసినది చదివి రాశాను. ఆ తర్వాత దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

యానాంలో కాలేజీ ఉద్యోగం వచ్చాక కనకాలపేటలో ఒక మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాను. మావాళ్ళు కాకినాడలో ఉండేవారు. శని, ఆదివారాలు అక్కడికి వెళ్ళి వచ్చేదాన్ని. కింది వాటాలో ఇంటావిడ ఒక్కతే ఉండేది. యాభై అయిదేళ్ళు దాటి ఉంటాయి. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు పెద్దవాళ్ళై వేరే ఊళ్ళలో ఉండేవారు. ఇంటి వెనక దొడ్లో తోటకూర, గోంగూర వేసి, కట్టలు కట్టి ఆటోలో బజారుకు పట్టుకెళ్ళి అమ్మేది. ఒక పాడి గేదె, ఇంకా ఈనని ఒక పడ్డ ఉండేవి. నేను ఆవిడని పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను మేడంగారూ అనేది. మొక్కల చదువు చదివానని తెలిసిన దగ్గర్నుంచి ఆవిడకు నా మీద కొంచెం గురి.

దొడ్డిగోడకు అవతల ఆవిడ తోడికోడలి ఇల్లు. తోడికోడలికి నలభై అయిదు ఉంటాయేమో. భార్యాభర్తలిద్దరే, పిల్లల్లేరు. వాన నీళ్ళు ఎవరి దొడ్లోంచి ఎవరి దొడ్లోకి పోవాలన్న దాని మీద అక్కాచెల్లెళ్ళ వరస వాళ్ళిద్దరికీ ఏటా ఓ తగాదా ఉండేది. నాలుగు రోజులు మాటలుండేవి కావు. మళ్ళీ కలిసేవాళ్ళు.

ఆ ఏడు వానాకాలంలో అల్పపీడనం పట్టింది. రెండు రోజులు కుండపోతగా కురిసి, ఆ తర్వాత ముసురు మొదలైంది. సూర్యుడు కనబడడం మానేశాడు. ఓ సాయంత్రం నేను మేడమీద వరండాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతుంటే కిందనుంచి ఇంటావిడ పిలిచింది.

"మేడంగారూ, తోటకూరంతా తెల్లబోయిందండీ. ఏదన్నా ఏస్తే బాగుంటదంటారా?"

నేను తల ఎత్తి చూశాను. మేడ మీంచి మడులు కనబడుతూనే ఉన్నాయి. ఆకు పాలిపోయిన మాట నిజమే.

"వానకి నేలలో బలం కొట్టుకుపోయి ఉంటుంది పిన్నిగారూ. కొంచెం యూరియా వెయ్యండి."

"ఆయ్, అలాగేనండీ."

అంతే జరిగింది. నేను మళ్ళీ పేపర్ల మీదకి వంగాను. ఎంత వేస్తారని అడగలేదు. ముసురు తగ్గాక వేయమని చెప్పలేదు. ఆరేళ్ళు చదివిన చదువు నా తలలో ఉంది, ఆ మడులు నా కళ్ళ ముందున్నాయి. రెండింటికీ సంబంధం ఉందని ఆ క్షణాన నాకు తట్టలేదు.

వారం తిరిగేసరికి తోటకూర నల్లగా, ఏపుగా లేచింది. వెలుతురు లేదు గానీ పచ్చదనానికి లోటు లేదు. ఇంటావిడ సంతోషించింది. కానీ ఆ వానలో బజారుకు వెళ్ళేవాళ్ళే తక్కువ. పట్టుకెళ్ళిన కట్టల్లో సగం తిరిగి వచ్చేవి. గురువారం నాడు ఆవిడ అసలు వెళ్ళనే లేదు. గడ్డివాము పైనుంచి కిందదాకా తడిసిపోయి, ఎండుగడ్డి బూజు పట్టింది. పశువులు ముందు రోజంతా సరిగా తినలేదు. అందుకని ఆ మధ్యాహ్నం మడి ముదిరిపోకుండా కోసి, కాడలతో సహా మోపు గేదె ముందు వేసింది. పడ్డకు కొంచెం వేసింది.

నేను కాలేజీ నుంచి వచ్చి స్కూటీ ఆపేసరికి దొడ్లోంచి కేకలు వినబడ్డాయి. వెళ్ళి చూస్తే గేదె నాలుగు కాళ్ళూ వణుకుతూ నిలబడి ఉంది. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది, నోటివెంట నురగ. చూస్తుండగానే ముందుకాళ్ళు మడిచి కూలబడింది. పడ్డ నిలబడే ఉంది గానీ తల వేలాడేసింది. తోడికోడలి భర్త అప్పటికే పశువుల డాక్టరుగారికి ఫోను చేశాడు.

డాక్టరుగారు బైకు మీద తడుస్తూ వచ్చారు. గేదె పెదవి ఎత్తి చిగుళ్ళు చూశారు. సూది గుచ్చి కొంచెం నెత్తురు తీశారు. అది ఎర్రగా లేదు. చిక్కటి కాఫీ డికాక్షన్ రంగులో ఉంది.

"ఏం తిన్నాయమ్మా?" అన్నారు.

"తోటకూరేనండీ బాబూ. రోజూ తినేదే కదండీ."

"యూరియా బస్తా ఏమన్నా నాకాయా? నైట్రేట్ విషంలా ఉంది."

"బస్తా గదిలో పెట్టి తాళం ఏసేనండీ. దాని దగ్గరికి అవెలా ఎల్తాయి?"

నైట్రేట్ అన్న మాట విన్నాక నేను మడుల వైపు చూశాను. సగం కోసిన మడి, పక్కన ఇంకా కోయని నల్లటి ఆకు, పైన వారం రోజులుగా కదలని మబ్బు. థీసిస్‌లో రాసిన ఆ ఒక్క వాక్యం అప్పుడు గుర్తొచ్చింది.

"డాక్టరుగారూ, అవి బస్తా నాకి ఉండక్కర్లేదేమో. ఈ ఆకులోనే ఉండొచ్చు," అన్నాను మెల్లగా. ఇంటావిడ గేదె మీద పడి ఏడుస్తోంది, మా మాటలు వినలేదు.

ఆయన నా వైపు చూసి, మడి వైపు చూసి, "ఉండొచ్చు. ముందు వీటి సంగతి చూద్దాం," అని మందు కోసం ఆసుపత్రికి వెళ్ళారు. ఆ మందు పేరు మిథిలీన్ బ్లూ. నీలం రంగు మందు. గోధుమరంగు తిరిగిన నెత్తురును అది మళ్ళీ ఎర్రగా మారుస్తుంది. ఆయన తిరిగి వచ్చేసరికి గేదె పోయింది. పడ్డకు నరంలోకి ఎక్కించారు. గంట గడిచేసరికి అది తల ఎత్తింది. మర్నాడంతా దాని మూత్రం ఆకుపచ్చగా వచ్చింది.

శుక్రవారం పొద్దున్న మునిసిపాలిటీ వాళ్ళు జేసీబీ పంపించారు. గేదెను తీసుకెళ్ళాక ఇంటావిడ ఖాళీ గాటి దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత గోడ దగ్గరకు నడిచింది. నేను మెట్లు దిగుతున్నాను.

"ఏమే, బయటికి రా. నా గేదెని పొట్టన పెట్టుకున్నావు కదే! కుడితిలో యూరియా కలిపింది నువ్వు కాదూ?"

తోడికోడలు చేతిలో చీపురుతో బయటికి వచ్చింది. "అదేం మాటక్కా? నేనెందుకు కలుపుతాను? డాక్టరుగారికి ఫోన్ చేసింది మా ఆయనే కదా!"

"చేసిందంతా చేసి ఫోను కూడా చేత్తారు. మొన్న నీళ్ళ దగ్గర నీ సంగతి చూత్తానన్నావా లేదా?"

"కోపంలో అన్నాను. అంటే మూగజీవాన్ని చంపేత్తానా?"

"పిల్లా జెల్లా లేనిదానివి. పెంచుకున్నది పోతే ఎలాగుంటాదో నీకేటి తెలుత్తాదిలే!"

వీధిలో నలుగురైదుగురు నిలబడ్డారు. తోడికోడలు చీపురు గోడకు ఆనించి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఖాయం చేసుకోకుండా ఎలా చెప్పడం, ముందు పరీక్ష చేద్దాం అనుకున్నాను. అది అబద్ధం కాదు గానీ అసలు కారణమూ కాదు. యూరియా వేయమన్నది ఎవరు అన్న ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. మడిలోంచి పది మొక్కలు పీకి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని కాలేజీకి వెళ్ళాను.

నైట్రేటును పట్టడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. డైఫినైలమిన్‌ను ఘాటైన గంధకామ్లంలో కలిపి, ఆ ద్రావణాన్ని కోసిన కాడ మీద ఒక చుక్క వేయడమే. నైట్రేట్ ఉంటే నీలం తేలుతుంది. ఎంత ఎక్కువుంటే అంత ముదురు నీలం. మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీ అయ్యాక కాడల్ని ఏటవాలుగా కోసి చుక్క వేశాను. వేసిన వెంటనే సిరా ఒలికినంత నీలం వచ్చింది. పది కాడలకూ అంతే.

కుళాయి కింద ఆ కాడలన్నీ కడిగి పడేశాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక ఇంటావిడ తలుపు దగ్గర రెండుసార్లు ఆగి, రెండుసార్లూ మేడెక్కాను.

శనివారం కాకినాడ వెళ్ళలేదు. పొద్దున్నే కిందికి దిగాను. ఆవిడ పడ్డకు నీళ్ళు పెడుతోంది.

"పిన్నిగారూ, గేదె చచ్చిపోయింది మీ తోడికోడలి వల్ల కాదండీ. మీ తోటకూర వల్లే."

"అదేటండీ మేడంగారూ? ఆ తోటకూర మేం తినలేదా? ఊళ్ళో జనం కొనుక్కుని తినలేదా?"

"మనం ఓ కట్ట వండుకుని ఇంటిల్లిపాదీ తింటాం. అది ఖాళీ కడుపు మీద మోపు తింది. పైగా గేదె పొట్టలో అది ఇంకా చెడ్డ విషంగా మారుతుంది. మనకి అలా కాదు."

తర్వాత ఆవిడను మడి దగ్గరకు తీసుకెళ్ళి, ఒక కాడ కోసి, ల్యాబ్ నుంచి జాగ్రత్తగా తెచ్చిన సీసాలోంచి చుక్క వేసి చూపించాను. నీలం వచ్చింది. ఆవిడ దగ్గరగా వంగి చూసింది. ఆకుకు ఎండ కావాలనీ, ఎండలో అది చక్కెర చేసుకుంటుందనీ, ఆ చక్కెర ఉంటేనే ఎరువును లోపల మార్చుకోగలదనీ చెప్పాను. ముసురులో చక్కెర లేదు, వేసిన ఎరువు మాత్రం వేరులోంచి ఎక్కుతూనే ఉంది అన్నాను.

ఆవిడ కొంచెంసేపు ఆలోచించింది. "అంటే ఆకుకి తీపి లేకపోతే ఎరువు అరగదంటారు."

"అంతే. నేను ఆరేళ్ళు దీని మీదే చదివాను."

"మరైతే మబ్బేసినప్పుడు పంచదార నీళ్ళు పోత్తే సరిపోద్దాండీ?"

"సరిపోదు. మేం కోసిన ఆకుల్ని ముక్కలు చేసి నానబెట్టేవాళ్ళం కాబట్టి కోసినచోటు నుంచి లోపలికి వెళ్ళేది. నేల మీద పోస్తే చీమలకే. మొక్క తన చక్కెర తనే చేసుకోవాలి."

ఆవిడ లేచి చేతులు దులుపుకుంది. అప్పుడు మిగతాది కూడా చెప్పాను. "ఇదంతా తెలిసి కూడా ముసురులో యూరియా వేయమని మీకు చెప్పింది నేనే."

ఆవిడ పడ్డ వైపు తిరిగింది. పడ్డ తొట్టిలో మూతి పెట్టి నీళ్ళు తాగుతున్న చప్పుడు వినబడుతోంది.

"మీరు ఎయ్యమన్నారు. ఎంతెయ్యాలో నేనూ అడగలేదు. రెండు దోసిళ్ళు ఎయ్యాల్సిన చోట నాలుగేసేను," అంది ఆవిడ. "దానికేం లేదు. ఈ సంగతి మీకెప్పుడు తెలిసిందండీ?"

"గురువారం సాయంత్రం అనుమానం వచ్చింది. నిన్న మధ్యాహ్నం ఖాయమైంది."

"గురువారం సాయంత్రమే ఆ ముక్క నాతో అనుంటే, నిన్న పొద్దున్న దాని గుమ్మం ముందు ఆ మాట అనుందును కాదు కదండీ."

ఆవిడ గొంతు పెంచలేదు. గేదె పోవడం కన్నా ఆవిడను ఆ మాటే ఎక్కువ బాధపెడుతోందని నాకు అప్పుడు అర్థమైంది.

సీసా పట్టుకుని నేనే గోడ అవతలికి వెళ్ళాను. తోడికోడలు వాకిట్లో బియ్యం చెరుగుతోంది. విషయమంతా చెప్పి, మొక్క ఒకటి కోసుకొచ్చాను, చూపిస్తాను అన్నాను.

ఆవిడ చేట ఆపలేదు. "నాకు చూపించక్కర్లేదండీ. నేను చెయ్యలేదని నాకు తెలుసు కదా."

"మీ అక్కగారికి కూడా ఇప్పుడు తెలిసింది. ఆవిడ బాధపడుతున్నారు."

"గేదె గురించి నేనూ బాధపడ్డాను. నా పెళ్ళైన కొత్తలో ఆవిడ పచ్చి బాలింత, ఆవిడ పిల్లల్ని ఎత్తుకుని పెంచింది నేనే. ఆవిడకి గుర్తుండాలి ఆ సంగతి."

ఇక నేను వచ్చేశాను.

ఆదివారం మబ్బు విడిపోయింది. సోమ, మంగళ, బుధ మూడు రోజులూ మాడ్చేసే ఎండ కాసింది. ఎండ ఎక్కిన నాలుగో రోజు సాయంత్రం మిగిలిన మడిలోంచి ఒక మొక్క పీకి మళ్ళీ చుక్క వేశాను. వేళ్ళ దగ్గర కాడలో కొంచెం నీలం తేలింది. పై కాడలో లేత మరక తప్ప ఏమీ లేదు. ఆకు మళ్ళీ చక్కెర చేసుకుని, పేరుకున్నదాన్ని వాడేసుకుంది. నా ఆరేళ్ళ పరిశోధనలో బీరువాలోని గిన్నెల్లో చూసిందే ఒక మడి అంతటా జరగడం చూడడం అదే మొదటిసారి. చూసి సంతోషించాలనిపించలేదు. అయినా ఇంటావిడను పిలిచి చూపించాను. ఆవిడ సరేనని తల ఊపింది. ఆ మడి కోసి బజారుకు పట్టుకెళ్ళింది గానీ పడ్డకు మాత్రం వేయలేదు.

ఆ తోడికోడళ్ళిద్దరూ ఆ ఏడాది మాట్లాడుకోలేదు. ఇంటావిడ రెండుసార్లు ఆ గుమ్మం దాకా వెళ్ళింది. మొదటిసారి తలుపు తీయలేదు. రెండోసారి తలుపు తీసి, "నాకు పనుంది" అని లోపలికి వెళ్ళిపోయింది. వినాయక చవితికి పత్రి గోడ మీంచి అందుకోవడం వాళ్ళకి అలవాటు. ఆ ఏడు ఎవరి పత్రి వాళ్ళే తెచ్చుకున్నారు. నేను కల్పించుకుందామని చూస్తే ఇంటావిడ వద్దంది. "నేనన్న మాట నేనే తీసుకోవాలండీ. మీరు మధ్యలో ఉంటే అది మీ మాటవుద్ది."

పశువుల డాక్టరుగారు ఒకసారి నన్ను ఆసుపత్రికి పిలిచారు. ముసురు పట్టినప్పుడు పచ్చిమేత సంగతి రైతులకు చెప్పమన్నారు. ఓ ఇరవై మంది వచ్చారు. ముసురు రోజుల్లో ఎరువు వేయకండి, వేస్తే నాలుగు మంచి ఎండలు తగిలేదాకా ఆ మేత కోయకండి, తప్పదంటే ఎండుగడ్డి కలిపి కొంచెం కొంచెంగా వేయండి అని చెప్పాను. గేదె చచ్చిపోయిన సంగతి చెప్పాను. సలహా ఇచ్చింది నేనేనని కూడా చెప్పాను. వెనక వరసలో ఒక పెద్దాయన, "చెప్పేవాళ్ళు పొలం గట్టు దాకా వచ్చి చెప్తే ఇంకా బాగుంటుందండీ," అన్నాడు. నవ్వకుండానే అన్నాడు.

మరుసటి ఏడు పడ్డ ఈనింది. పెయ్యదూడ. మూడో నాటి పాలతో ఇంటావిడ జున్ను వండింది. నాకో ముక్క పెట్టి, మిగతాది ఇత్తడి గిన్నెలో సర్ది, పైన ఆకు కప్పి, గోడ దగ్గరకు కాకుండా వీధి వైపు నుంచి నడిచి తోడికోడలి వాకిట్లోకి వెళ్ళింది. నేను కాలేజీకి బయల్దేరుతూ స్కూటీ దగ్గర నిలబడిపోయాను.

తోడికోడలు ముగ్గు వేస్తోంది. తలెత్తి చూసింది.

"ఆడదూడే," అంది ఇంటావిడ. "అప్పుడు నేనన్న మాట మనిషి అనేది కాదే. నన్ను తిట్టాలనుంటే తిట్టు. ఇక్కడే నిలబడతాను."

తోడికోడలు ముగ్గు గిన్నె కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. గిన్నె మీది ఆకు తొలగించి చూసింది. తర్వాత, "ఇందులో మిరియాలేసేవా, యాలక్కాయా?" అని అడిగింది.

"రెండూ ఏసేను."

"ఆయనకి మిరియాలు పడవు," అంటూనే గిన్నె అందుకుని లోపలికి వెళ్ళింది. ఇంటావిడ బయటే నిలబడి ఉంది. లోపలినుంచి పీట వేసిన చప్పుడయ్యాక చెప్పులు విడిచి గుమ్మం దాటింది.